వెన్నుపూస మీద పేటెంటు: ఒక తెలుగు అభ్యంతరం

ఈ టపా కొంత పొడుగు. విషయం కూడా మన కవిత్వ చర్చలకూ, ఛందస్సు తగాదాలకూ దూరమైనది. వెన్నులో అమర్చే కృత్రిమ డిస్కుకు ఎవరైనా పేటెంటు అడిగితే మన దేశపు పేటెంటు కార్యాలయం దానిని ఎట్లా పరిశీలిస్తుంది, ఆ పరిశీలనలో తెలుగు మాత్రమే వచ్చిన మనిషి నోరు విప్పగలడా అన్నది ఇక్కడి ప్రశ్న. విప్పలేడనీ, విప్పగలిగేటట్టు నిబంధన మార్చాలనీ నా వాదన. చివరిదాకా చదివి విభేదించేవారికి ముందుగానే నెనర్లు.

సీలేరులో ఉండేవాడికి ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. ఈ కొండల్లో బరువు మోయని వెన్ను అరుదు. కావడిబద్ద మీద నీళ్ళూ ధాన్యమూ, నెత్తి మీద కట్టెల మోపు, వారపు సంతకు పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు. దారి లేని పల్లె నుంచి రోగిని దింపాలంటే డోలీ. దుప్పటిని ఊయలలాగా కర్రకు కట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకొని వాగులు దాటి నడుస్తారు. పత్రికలు 'డోలీ మోత' అని శీర్షిక పెట్టి రోగి ఫొటో వేస్తాయి. మోసిన ఇద్దరి నడుములు ఏమయ్యాయో రాసిన వార్త నేనింతవరకు చూడలేదు. ధారాలమ్మ ఘాటు దిగి, చింతపల్లి, నర్సీపట్నం దాటి విశాఖ చేరితే అక్కడ పెద్దాసుపత్రులున్నాయి. కృత్రిమ అవయవాల మాట అక్కడ మొదలవుతుంది. ఇప్పుడు ఆ విశాఖలోనే వైద్య పరికరాల తయారీకోసం మెడ్‌టెక్ జోన్ కూడా ఉంది. కాబట్టి ఇంతకాలం బెర్లిన్, బోస్టన్ల వ్యవహారమనుకున్న పేటెంటు తగాదాలు ఈ కొండల పాదాల దగ్గరకే రానున్నాయి.

ముందుగా వస్తువేమిటో చూద్దాం. వెన్నుపూసల నడుమ 23 మెత్తని బిళ్ళలుంటాయి. పాఠ్యపుస్తకం చక్రికలంటుంది; జనం డిస్కులంటారు; నేనూ అదే అంటాను. చుట్టూ గట్టి నారపొర, లోపల నీరు పట్టిన గుజ్జు. బరువును పంచడం, వెన్ను వంగడానికి వీలివ్వడం దాని పని. ఎదిగిన మనిషి డిస్కులో రక్తనాళాలు దాదాపు ఉండవు కనుక, చెడితే దానికి మరమ్మతు అంతంతమాత్రం. నడుంనొప్పి వచ్చినవారిలో చాలామందికి శస్త్రచికిత్స అవసరమే రాదు. వచ్చిన కొద్దిమందికి పాత దారి ఏమిటంటే, చెడిన డిస్కు తీసివేసి, పైనా కిందా ఉన్న పూసలను మరలతో, ఎముక ముక్కలతో ఒకటిగా అతికించడం. నొప్పి తగ్గవచ్చు; కాని ఆ కీలు ఇక కదలదు. అది చేయవలసిన పని పక్క కీళ్ళ మీద పడుతుంది. తీసిన డిస్కు చోట కదిలే డిస్కునే పెడితే ఏం అన్న కోరిక అక్కడ పుట్టింది.

స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ పూసల నడుమ ఉక్కు గుండ్లు పెట్టి చూశాడు. తన అనుభవాన్ని 1966లో ప్రచురించాడు. గుండు గట్టిది, పూస మెత్తనిది. గుండ్లు క్రమంగా పూసలోకి దిగబడ్డాయి. తరువాత పేరు పొందినది తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో పుట్టిన డిస్కు. దానిని రూపొందించినవారు కుర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్ యాంజ్. ఈ కారిన్ ఎవరనుకున్నారు? 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన జిమ్నాస్టు. వెన్నును విల్లులాగా వంచి గెలిచిన మనిషి ఎముకల వైద్యురాలై వంగే డిస్కును తయారు చేయడంలో నాకెందుకో గొప్ప ఔచిత్యం కనిపిస్తుంది. రెండు లోహపు పలకలు, వాటి నడుమ జారే ప్లాస్టిక్ దిమ్మ, స్థూలంగా అంతే. 1984లో మొదటిసారి మనిషికి అమర్చారు. మొదటి నమూనా పలకలు చిన్నవై పూసలోకి దిగబడ్డాయి. రెండవ నమూనాకు రెక్కలు తగిలిస్తే అవి విరిగాయి. 1987 నాటి మూడవ నమూనా నిలిచింది. దానికి అమెరికా ఔషధ సంస్థ అనుమతి వచ్చింది 2004 అక్టోబరులో. ఆ లోపల ఫ్రాన్సు వైద్యుడు తియెరీ మార్నే మరో డిస్కు చేశాడు. అందులో ప్లాస్టిక్ దిమ్మ జారదు. కింది పలకకు బిగించి ఉంటుంది. పలకలు పూసలో పాతుకోవడానికి సన్నని మొనల బదులు పడవ అడుగున ఉండేటటువంటి నిలువు బద్ద ఉంటుంది. దానికి 2006లో అనుమతి వచ్చింది.

ఈ చరిత్రంతా ఎందుకు చెప్పానంటే, పేటెంటు పరిశీలకుడి పని ఇదే. అతని ముందుకు వచ్చే దరఖాస్తు ఎప్పుడూ 'ఇంతకుముందు లేనిది' అనే అంటుంది. ఇంతకుముందు ఏమున్నదో వెతకడం అతని వంతు. అదే పూర్వజ్ఞానం.

ఊహకోసం ఒక దరఖాస్తు తీసుకుందాం. రెండు పలకలు, నడుమ దిమ్మ, పలకకు నిలువు బద్ద ఒకటి కాదు, రెండు. ఆంధ్ర, తెలంగాణలకు చెన్నైలోని పేటెంటు కార్యాలయమే దిక్కు, అక్కడికి చేరింది. మామూలుగా 18 నెలలకు పేటెంటు పత్రికలో ప్రచురితమవుతుంది. ఆ పత్రిక శుక్రవారం శుక్రవారం వస్తుంది. దరఖాస్తుదారు ప్రత్యేకంగా కోరితే తప్ప పరిశీలన మొదలు కాదు. కోరడానికి ఇదివరకు 48 నెలలు గడువుండేది. 2024 సవరణతో 31 నెలలైంది. అప్పుడు పరిశీలకుడు తన మొదటి నివేదిక రాస్తాడు.

మన 1970 పేటెంటు చట్టం అతని చేతికి మంచి పనిముట్లే ఇచ్చింది. 3వ సెక్షనులో, ఏవి ఆవిష్కరణలు కావో చెప్పే జాబితాలో, మనుషులకు చేసే వైద్యమూ శస్త్రచికిత్సా విధానాలూ ఉన్నాయి. అంటే డిస్కు అనే వస్తువుకు పేటెంటు అడగవచ్చు. పొట్టవైపు నుంచి తెరిచి, చెడిన డిస్కు తీసి, కొత్తది ఇట్లా జొనిపే పద్ధతి నాది అంటే కుదరదు. వైద్యుడి చేతికి ఎవరూ యజమాని కాలేరు. అమెరికాలో ఇట్లా లేదు. అక్కడ శస్త్రచికిత్సా పద్ధతికీ పేటెంటు దొరుకుతుంది, దానిని వాడిన వైద్యుడి మీద దావా వేయడానికి మాత్రం 1996 నుంచి పరిమితులున్నాయి. ఈ ఒక్క విషయంలో మన చట్టం తల ఎత్తుకొని నిలబడగలదని నా అభిప్రాయం. అదే సెక్షనులో ఇంకొక మాట: తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, ఏది చేసే పని అదే చేస్తూ ఉంటే, ఆ పేర్పు ఆవిష్కరణ కాదు. ఒక బద్ద చోట రెండు బద్దలు పెట్టినవాడు, ఆ రెండవ బద్ద వల్ల కొత్తగా ఏం జరిగిందో చూపించాలి. డిస్కు మెలితిరగకుండా ఆగిందా? పూస చిట్లకుండా నిలిచిందా? చూపితే సరి. లేకపోతే, ఆ విద్య తెలిసిన ఎవడికైనా తోచేదే కదా అని పరిశీలకుడు తిప్పికొట్టాలి.

'ఆ విద్య తెలిసినవాడు' అన్న ఈ కల్పిత వ్యక్తి పేటెంటు చట్టంలో నాకు అత్యంత ఇష్టమైన పాత్ర. అతనికి పేరు లేదు, ఊరు లేదు. తన విద్యలో అప్పటిదాకా తెలిసినదంతా తెలుసు, కాని కొత్తగా ఊహించే ప్రతిభ మాత్రం లేదు. మన అష్టావధానాల్లో పృచ్ఛకుడి పక్కన కూర్చొని తలూపే పండితుడి వంటివాడన్నమాట. డిస్కు విషయంలో అతడు సగం వైద్యుడు, సగం ఇంజనీరు. డోలీ విషయంలోనో? ఈ ప్రశ్నకు తరువాత వస్తాను.

ఈ పరిశీలన మీద ఎంత డబ్బు ఆధారపడి ఉందో ఒక్క ఉదాహరణ చాలు. గ్యారీ మైకెల్సన్ అనే అమెరికన్ వెన్నువైద్యుడికీ, మెడ్‌ట్రానిక్ సంస్థకూ నడిచిన వెన్ను పరికరాల పేటెంటు తగాదా 2005లో పరిష్కారమైనప్పుడు, ఆ పేటెంట్లను కొనుక్కుంటూ సంస్థ ఇచ్చినది 135 కోట్ల డాలర్లు. ఆ డబ్బు చివరికి ఎవరి చికిత్స ఖర్చులో కలుస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు. పేటెంటు వచ్చినంత మాత్రాన పరికరం రోగికి మేలు చేస్తుందని ముద్ర పడినట్టూ కాదు. కొత్తదా కాదా అన్నది పేటెంటు కార్యాలయం చూస్తుంది. మంచిదా కాదా అన్నది వేరొకరి పని. నడుము డిస్కులకు అమెరికాలో అనుమతులు వచ్చాక కూడా, 60 ఏళ్ళు దాటినవారికి వాటి ఖర్చు భరించబోమని అక్కడి ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ 2007లో తేల్చింది. 'పేటెంటు పొందిన డిస్కు' అని కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తే భక్తితో చూడనక్కరలేదు.

ఇక అసలు సంగతి. మన చట్టం 25వ సెక్షనులో ఒక అపురూపమైన ఏర్పాటు ఉంది. పేటెంటు ఇవ్వకముందే 'ఏ వ్యక్తి అయినా' దానిని వ్యతిరేకిస్తూ రాయవచ్చు. పోటీ సంస్థే కానక్కరలేదు, నష్టపోయానని రుజువు చేయనక్కరలేదు. ప్రచురితమైన ఆరు నెలలలోపు పేటెంటు ఇవ్వరాదన్న నిబంధన ఉన్నది ఇటువంటి అభ్యంతరాలకు వ్యవధి ఇవ్వడానికే. ఇది అలంకారానికి రాసుకున్న మాట కాదు. రక్తపు క్యాన్సరు మందు గ్లివెక్‌ను, చెన్నై కార్యాలయంలో, మన హైదరాబాదు నాట్కో సంస్థతోపాటు క్యాన్సరు రోగుల సంఘం కూడా వ్యతిరేకించింది. 2006 జనవరిలో దరఖాస్తు తిరస్కరించారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ తిరస్కారాన్ని నిలబెట్టింది. క్షయ మందు బెడాక్విలిన్ విషయం నాకు ఇంకా ఆప్తం. దాని మీద గుత్తహక్కును పొడిగించే రెండవ పేటెంటును వ్యతిరేకించినవారిలో నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసీలే ఉన్నారు. ఇద్దరూ క్షయను జయించినవారు. పాత మందుల దుష్ఫలితంగా వినికిడి కోల్పోయినవారు. 2023 మార్చిలో ఆ దరఖాస్తును తోసిపుచ్చారు. వైద్యుడు కాదు, వకీలు కాదు, జబ్బు అనుభవించిన మనిషి 'ఇది కొత్తది కాదు' అని రాస్తే ప్రభుత్వం చదివి జవాబు చెప్పవలసి వచ్చింది. ప్రపంచంలో చాలా దేశాలలో ఈ అవకాశం లేదు.

ఆ ద్వారం ఇప్పుడు ఇరుకవుతున్నది. 2024 మార్చి నుంచి అమలైన సవరణ నిబంధనలు, అదివరకు ఉచితంగా ఉన్న ఈ అభ్యంతరానికి రుసుము పెట్టాయి. పైగా అభ్యంతరం విచారణకు తగునా తగదా అని అధికారి ముందు తేల్చాకనే దరఖాస్తుదారుకు పంపుతారట. పనికిమాలిన అభ్యంతరాలతో, దొంగపేర్లతో ఏళ్ళ తరబడి సాగదీసేవారున్నారని సమర్థన. ఉన్నారు, కాదనను. కాని దొంగలున్నారని వీధి గుమ్మం మూస్తే ముందు బయట నిలిచిపోయేది చుట్టాలే.

అయితే రుసుము చిన్న సంగతి. పెద్దది భాష. 2003 పేటెంటు నిబంధనలలో 9వది ఏమంటుందంటే, కార్యాలయానికి సమర్పించే పత్రాలు, ప్రమాణపత్రాలూ బొమ్మలూ మినహా, హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. దరఖాస్తయినా అంతే, అభ్యంతరమైనా అంతే. తెలుగులో రాసినది అక్కడ కాగితమే కాదు. బొమ్మకు భాష లేదు గనుక అది చెల్లుతుంది. మన తెలుగువాడు చెన్నైకి బొమ్మ పంపవచ్చు, మాట పంపరాదు.

'ఏ వ్యక్తి అయినా' అని చట్టం అంటే, 'హిందీ గాని ఇంగ్లీషు గాని వచ్చిన ఏ వ్యక్తి అయినా' అని నిబంధన సవరిస్తున్నది. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. అంతర్జాతీయ పేటెంటు ఒప్పందం కింద దరఖాస్తులు ప్రచురించే భాషలు పది: అరబ్బీ, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, కొరియన్, పోర్చుగీస్, రష్యన్, స్పానిష్. కొరియన్, పోర్చుగీస్ 2009లో చేరాయి. కొరియన్ మాట్లాడేవారి సంఖ్య మనకు దరిదాపుల్లోనే ఉంటుంది. వారి భాష ఆ పదింటిలో ఉన్నది సంఖ్య వల్ల కాదు. కొరియన్లు తమ ఆవిష్కరణలను తమ భాషలోనే రాసుకొని, ప్రపంచమే అనువదించుకొని చదివే స్థితి తెచ్చుకోవడం వల్ల. చెన్నైలోని పరిశీలకుడు డిస్కు దరఖాస్తుకు పూర్వజ్ఞానం వెతకాలంటే కొరియన్, చైనీస్ పత్రాలను యంత్రానువాదంలో చదువుకుంటాడు. అది అతనికి నిత్యకృత్యం. కొరియన్ నుంచి చదవగలిగినవాడికి పక్క రాష్ట్రం నుంచి వచ్చిన తెలుగు కాగితం చదవడం భారమంటే నమ్మడం కష్టం.

చట్టంలోనే ఇంకొక వాక్యం ఈ నిబంధనను వెక్కిరిస్తూ ఉంది. 25వ సెక్షనులో అభ్యంతరానికి కారణాల జాబితాలో ఒకటి ఇది: దరఖాస్తులోని విషయం దేశంలోనో వేరెక్కడో ఏదైనా స్థానిక, ఆదివాసీ సమాజంలో ముందే తెలిసినదై ఉండటం. అది నోటిమాటగా ఉన్నా చాలునని చట్టం స్పష్టంగా అంటుంది. ఎంత ఉదారమైన మాట! అచ్చయిన పుస్తకం అక్కరలేదు, తాతలనాటి నోటిమాట చాలు. ఆ మాట విలువ తెలియాలంటే పసుపు కథ గుర్తు చేసుకోవాలి. పసుపుతో గాయం మాన్పడం తమ ఆవిష్కరణ అని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేర 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది. ఇక్కడ పాడేరు ఏజెన్సీలో పసుపు తవ్వే ఏ ముసలమ్మనడిగినా నవ్వేది. కాని ఆనాటి అమెరికా చట్టంలో విదేశీయుల ఆచారం పూర్వజ్ఞానం కాదు, అచ్చయిన రుజువు కావాలి. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్యపత్రిక వ్యాసంతో సహా వెతికి చూపాక 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ అవమానం నుంచే సాంప్రదాయిక విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పుట్టింది. మన చట్టం ఒక అడుగు ముందుకు వేసి నోటిమాటనే రుజువుగా ఒప్పుకొంది. ఒప్పుకొని, ఆ నోరు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో పలకాలంది.

ఇక్కడ డోలీ ప్రశ్నకు వస్తాను. డిస్కు చెడ్డాక మార్చేది కృత్రిమ డిస్కు. చెడకుండా చూసేది బరువు మోసే పద్ధతి. రేపు ఎవరో ఒక సంస్థవారు, ఇద్దరు మోసే స్ట్రెచరులో భుజాల మీద బరువు సమంగా పడేటట్టు కర్రను ఒక వంపు తిప్పామని పేటెంటు అడిగారనుకోండి. ఆ విద్య తెలిసినవాడెవడు? ఏటవాలులో దిగేటప్పుడు ముందువాడు పొట్టివాడై ఉండకూడదని, కర్రను ఏ కణుపు దగ్గర పట్టుకోవాలో, గుడ్డను ఎన్ని మడతలు వేసి భుజాన పెట్టుకోవాలో తెలిసినవాడు. అతని పూర్వజ్ఞానం ఏ భాండాగారంలోనూ లేదు. దానిని పరిశీలకుడి బల్ల మీదకు చేర్చగల ఒకే దారి అతడు స్వయంగా చెప్పడం. అతడే ఆ కర్రకు మెరుగైన వంపు కనిపెట్టాడనుకున్నా చిక్కు అదే. తన ఆవిష్కరణను తన మాటల్లో దాఖలు చేసుకోలేడు.

ఇది ఊహ కాబట్టి తేలికగా తీసిపారేయవద్దు. ఇటువంటిదే నిజంగా జరిగిన కథ ఆలేరులో ఉంది. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి గారు పోచంపల్లి చీరలకు ఆసు పోసేవారు. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. భుజాలు, మోచేతులు పడిపోయే పని. బడి మధ్యలో మానేసిన కొడుకు ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు పోసే యంత్రం చేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. నా దృష్టిలో అది యంత్రం మాత్రమే కాదు, వైద్య పరికరం కూడా. వేలమంది ఆడవాళ్ళ కీళ్ళు అరగకుండా కాపాడినదానిని మరేమంటాం? కొయ్యమేకులు, దారం, కండె, మోటారు అన్నీ అతనికి తెలుగులో తెలుసు. ఆ జ్ఞానం పేటెంటు పత్రమైనప్పుడు మాత్రం తెలుగులో ఉండటానికి వీల్లేదు. గ్రామీణ ఆవిష్కర్తలకు ఆ దరఖాస్తులు రాసిపెట్టే సంస్థలు దేశంలో కొన్ని ఉన్నాయి, వాటి సేవ గొప్పది. కాని తన ఆవిష్కరణకు హద్దులు గీసే వాక్యాన్ని ఆవిష్కర్త తానే చదువుకోలేకపోవడం, పొలం దస్తావేజు మీద వేలిముద్ర వేయడం వంటిదే.

మనలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. తెలుగు ఒప్పుకుంటే తమిళం, ఒడియా, బెంగాలీ అన్నీ ఒప్పుకోవాలి కదా? అవును, ఒప్పుకోవాలి. అనువాద ఖర్చు కార్యాలయమే భరించాలి. ఇంగ్లీషు అనువాదంలో తేడా వస్తే మూలమే ప్రమాణమనాలి. అన్నిటికీ ఒకేసారి వద్దంటే, కనీసం అభ్యంతరాలను, అందులోనూ నోటిమాట జ్ఞానం ఆధారంగా వేసేవాటిని, ఏ భాషలో ఉన్నా తీసుకోమనండి. ఇది నిబంధన సవరణతో అయ్యే పని, పార్లమెంటు దాకా పోనక్కరలేదు. ఇంకొక ప్రశ్న సీలేరు నుంచే వస్తుంది, అది మనకే ఇబ్బందికరం. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది కువి, ఆదివాసీ ఒడియా. వారి ముందు మన తెలుగు కూడా కచేరీ భాషే, దొరల భాషే. చెన్నైలో తెలుగు చెల్లాలని కోరేవాడు పాడేరులో కువి చెల్లాలని కూడా కోరాలి. ఆ మాట అనకుండా ఈ వాదన చేయడం నాకు చేతకాలేదు.

ఇక చివరి శంక: పేటెంటు హక్కుల వాక్యాన్ని తెలుగు మోయగలదా? ఒకటే వాక్యం, వస్తువు హద్దులన్నీ అందులోనే. ఇంగ్లీషులో ముందు వస్తువు పేరు చెప్పి, తరువాత భాగాలు ఒక్కటొక్కటిగా తగిలిస్తారు. మన వాక్యంలో విశేషణాలన్నీ ముందు నడిచి, వస్తువు చివర వస్తుంది. పది భాగాలు చెప్పేసరికి చదువరి ఊపిరి పోతుంది. కాని మన పాత దస్తావేజులు చూడండి. 'ఇందుకు హద్దులు' అని మొదలుపెట్టి తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరుసగా చెప్పి ముగిస్తాయి. హద్దులు రాయడం తెలుగుకు కొత్త కాదు. 'ఇవి ఉన్నది' అంటే ఇంకేమైనా కూడా ఉండవచ్చునని, 'ఇవి మాత్రమే ఉన్నది' అంటే మరేదీ ఉండరాదని. పేటెంటు వకీళ్ళు దేని మీద కోట్లు సంపాదిస్తారో ఆ తేడాను మన 'మాత్రమే' ఒక్కటే మోస్తుంది.

పేటెంటు అన్న మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు 'తెరిచి ఉండటం' అని అర్థం. అందరూ చదవడానికి ముద్ర విప్పి ఇచ్చిన రాజపత్రమన్నమాట. మనవారు దానికి 'ఏకస్వం' అని పేరు పెట్టారు, ఒక్కడి సొత్తు అని. అసలు మాటలోని తెరిచి ఉండటం ఈ అనువాదంలో రాలిపోయింది. అందుకే నేను పేటెంటనే వాడుతున్నాను.

ఊరికే వాదించడమెందుకని, పైన చెప్పిన షారిటే తరహా డిస్కుకు ఒక హక్కు వాక్యం తెలుగులో రాసి చూశాను. పాత పరికరమే కనుక దీని మీద ఎవరికీ హక్కు రాదు; అభ్యాసం కోసం మాత్రమే.

"1. రెండు వెన్నుపూసల నడుమ అమర్చదగిన కృత్రిమ డిస్కు. ఇందులో (క) పై పూసకు ఆని, ఆనిన వైపున సూదిమొనలు గల లోహపు పై పలకయు, (చ) కింది పూసకు ఆని, ఆనిన వైపున సూదిమొనలు గల లోహపు కింది పలకయు, (ట) ఆ రెండు పలకల లోతట్టు గుంటలలో ఇమిడి, ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉండి, పలకలలో దేనికీ బిగించబడని ప్లాస్టిక్ దిమ్మయు కలవు. వెన్ను వంగినప్పుడును నిటారైనప్పుడును ఆ దిమ్మ పలకల నడుమ జారి తన చోటు మార్చుకొనునట్టిది."

రెండు చోట్ల నాకే తృప్తి లేదు. 'దిమ్మ' అంటే కదలనిదన్న ధ్వని ఉంది. జారేదానికి ఆ మాట నప్పదేమో. 'కలవు' తరువాత వచ్చే షరతును వాక్యానికి అతికించడానికి 'అట్టిది' కంటె బిగువైన ప్రత్యయం కావాలి. వ్యాకరణం తెలిసిన మిత్రులెవరైనా, వడ్రంగమో కమ్మరమో తెలిసినవారైతే మరీ మంచిది, వ్యాఖ్యల్లో సవరించగలరు.